పసుపు అంటిన కోటో

మొన్నామధ్య మా నేపర్‌విల్ లైబ్రరీవాళ్ళు పిలిచి, జపాన్ కోటో సంగీతం గురించి, పాతదీ కొత్తదీ కలిపి, ఏమీ తెలియనివాళ్ళకు అర్థమయ్యేలా ఒక గంట పరిచయం చెయ్యమన్నారు. నలభై ఏళ్ళకు పైగా వాయిస్తున్నాను, ముప్పై ఏళ్ళుగా నేర్పుతున్నాను, గంటసేపు మాట్లాడటం నాకో లెక్క కాదు. మాట్లాడాను, వాయించాను, చప్పట్లు కొట్టించుకున్నాను. చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండటానికి వచ్చారట. "అంతా బానే చెప్పావమ్మా. కానీ మన వీణ ఉండగా ఈ జపాన్ వాయిద్యం పట్టుకున్నావేంటి?" అని తెలుగులోనే అడిగేశారు. "ఇంట్లో వీణ ఉండీ మోగకపోబట్టేనండి బాబాయిగారూ" అన్నాను. ఆయన ఇంకేదో అడగబోయేలోపు లైబ్రరీవాళ్ళు టైమ్ అయిపోయిందన్నారు. అక్కడ సగంలో ఆగిన జవాబును ఇక్కడ పూర్తి చేస్తున్నాను.

మేము అమెరికా వచ్చేటప్పటికి నాకు పదేళ్ళు. డెబ్బైల చివరి రోజులు. ఇప్పుడు కారు పార్క్ చేసుకోవడానికి చోటు దొరకని ఈ ఊళ్ళో అప్పుడు మా వీధి చివరి నుంచి మొక్కజొన్న చేలు మొదలయ్యేవి. నాన్న ఇంజినీరు, మాటలు తక్కువ. ఆ తక్కువనంతా అమ్మ పూరించేది. అమ్మ విజయవాడలో పన్నెండేళ్ళు వీణ నేర్చుకుంది, రేడియోలో వాయించింది, తనకు తెలియని రాగం ఇంకా పుట్టలేదని ఆమె ధీమా. ఆమె వీణ చెక్కపెట్టెలో గడ్డి మధ్య ఓడ మీద మూడు నెలలు ప్రయాణం చేసి, ఒక్క గీత కూడా పడకుండా మా ఇంటికి చేరింది. సముద్రం ఏమీ చెయ్యలేకపోయిన వీణను పాడుచేసింది అమ్మే. మొదటి శీతాకాలం, పాపం దానికి చలెయ్యకూడదని, గోడలోంచి వేడిగాలి వచ్చే జాలీ పక్కనే నిలబెట్టింది. వీణ మెట్లను పట్టి ఉంచేది మైనమే కదా. ఆ వేడికి అది మెత్తబడి జారింది, జారినచోటే ఎండి పగిలింది, వసంతం వచ్చేసరికి ఇరవై నాలుగు మెట్లలో సగం ఊడి నేలమీద ఉన్నాయి. "మెట్లు కట్టే మనిషి నూజివీడులో ఉన్నాడు. నూజివీడు ఇక్కడుందా?" అంది అమ్మ. తీగలు విప్పేసి, వీణను పాత పట్టుచీరలో చుట్టి, సూట్‌కేసుల వెనక నిలబెట్టి అల్మారా తలుపేసింది. దాని మాట ఎత్తితే వంటింట్లో గిన్నెలు మాట్లాడేవి.

ఆ మరుసటి ఏడు మా స్కూల్లో రకరకాల దేశాలవాళ్ళ పండగ ఒకటి పెట్టారు. అమ్మ పులిహోర చేసి తీసుకొచ్చింది. ఆ సాయంత్రం స్టేజి మీద, ఆరడుగుల చెక్క ముందు, బూడిదరంగు కిమోనో కట్టుకున్న అరవై ఏళ్ళావిడ కూర్చుని వాయించారు. పులిహోర వడ్డిస్తున్న అమ్మ చెయ్యి గరిటెతో సహా ఆగిపోయింది. "ఏమే సుధా, విన్నావా? కర్ణాటక శుద్ధ సావేరి! ఇది మనదే" అంది. అమ్మ దృష్టిలో బాగున్నదేదైనా మనదే, బాగాలేనిది పొరుగువాళ్ళది. కార్యక్రమం అవగానే నన్ను రెక్క పట్టుకుని స్టేజి ఎక్కించి, "మేడమ్, యూ టీచ్ మై డాటర్" అని చెప్పింది. అడగలేదు, చెప్పింది. ఆవిడ నా చేతులు తిప్పి చూసి, గోళ్ళు కత్తిరించుకుని శనివారం రమ్మన్నారు. ఆవిడ పేరు మిసెస్ టనాబె. జపనీస్‌లో గురువును సెన్సే అంటారు, అందుకని మాకు సెన్సే అయ్యారు. కాలిఫోర్నియాలో పుట్టినావిడ, నాకంటే శుభ్రమైన ఇంగ్లిష్ మాట్లాడేవారు. ఆవిడ మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గాని ఆ మాటల్లో ఉన్న పొడితనం తెలుగులోకి రావడం కష్టం.

షికాగో ఉత్తరం వైపు, ఎర్ర ఇటుకల ఇంట్లో మేడమీద ఉండేవారు సెన్సే. నాన్న గంట డ్రైవ్ చేసి మమ్మల్ని దింపి, కింద కార్లో కూర్చుని పేపర్ చదువుకునేవాడు. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నాకు తెలుసు: నేలమీద పరిచిన గడ్డిచాపల వాసన, పచ్చటి టీ వాసన, వంటింట్లోంచి ముల్లంగి ఊరగాయ వాసన. ఆ మూడోది రాగానే అమ్మ కొంగు ముక్కు దగ్గరికి వెళ్ళేది, మర్యాద గుర్తొచ్చి మళ్ళీ ఒళ్ళోకి దిగేది. మొదటి రోజు సెన్సే నన్ను తీగ ముట్టుకోనివ్వలేదు. కోటో అంటే పడుకున్న డ్రాగన్ అని చెప్పారు. ఒక కొస తల, ఇంకో కొస తోక, ఆ మధ్యన పదమూడు తీగలు. తీగల్ని కిందనుంచి ఎత్తిపట్టే గుర్రం వీణకు ఒక్కటే, కదలదు. కోటోకు తీగకొక గుర్రం చొప్పున పదమూడు, అన్నీ కదిపేవే. వాటిని ముందుకీ వెనక్కీ జరిపి ఏ కృతికి కావలసిన స్వరాలు ఆ కృతికి కూర్చుకోవాలి, వాయించడం అయ్యాక అన్నిటినీ తీసి పెట్టెలో పెట్టాలి. నేను ఇదంతా తెలుగులో చెబితే అమ్మ, "డ్రాగన్ మీద పదమూడు గుర్రాలా? పెద్ద సంసారమే" అంది.

పాత సంగీతాన్ని సెన్సే నోటితో నేర్పేవారు. ముందు పాడాలి, తర్వాతే చెయ్యి. టోన్, టేన్, షాన్, పైనుంచి కిందికి మూడు తీగల మీద వేలు జారితే కొరొరిన్. మా ఇంట్లో సరిగమలు ఎలాగో అక్కడ ఈ కొరొరిన్‌లు అలాగ. పుస్తకంలో స్వరాల పేర్లు ఉండవు, తీగల నంబర్లే. కొన్ని వందల ఏళ్ళ కిందటి కృతులు, అందులో ఎక్కువ భాగం చూపులేని సంగీతకారులు కూర్చినవి, అంచేత చెవికీ వేలికీ మధ్య కంటితో పనిలేకుండా ఉంటాయి. కొత్త సంగీతం వేరు. అది పాశ్చాత్య నొటేషన్‌లో అచ్చయి వచ్చేది. దానికోసం పదిహేడు తీగల పెద్ద కోటో ఒకటి సెన్సే దగ్గర ఉండేది, మోగితే గడ్డిచాప కింద నేల వణికేది. యూనివర్సిటీ నుంచి కుర్ర సంగీతకారులు వచ్చి ఆవిడ కోసం కొత్తవి రాసిచ్చేవాళ్ళు. ఒకదాంట్లో తీగను గోటితో పొడవునా గీకాలి, మధ్యమధ్య చెక్కమీద అరచేత్తో కొట్టాలి. అది విని అమ్మ, "వాయిస్తున్నారా, అంట్లు తోముతున్నారా?" అని నా చెవిలో అంది. ఏమన్నదో చెప్పమని సెన్సే అడిగారు. చెప్పాను. "నా భర్త బతికున్న రోజుల్లో ఆయనా ఇదే అనేవాడు" అన్నారు సెన్సే, నవ్వకుండా.

కుడిచేతి మూడు వేళ్ళకు దంతపు గోళ్ళు తొడుక్కుంటారు. వాటికి తోలు ఉంగరాలుంటాయి, అవి జారకుండా నాలుకతో తడి చేసుకుని తొడుక్కోవడం ఆచారం. సెన్సే తొడుక్కున్నారు, నేనూ తొడుక్కున్నాను. వెనకనుంచి అమ్మ చూసింది. కారెక్కగానే మొదలుపెట్టింది: "ఎంగిలి చేత్తో సరస్వతిని ముట్టుకుంటారటే! ఏమండీ, విన్నారా?" నాన్న స్టీరింగ్ మీంచి కళ్ళు తిప్పకుండా "వాళ్ళ సరస్వతి, వాళ్ళిష్టం" అన్నాడు. తర్వాత కోటో మా ఇంటికొచ్చాక నాకు వెండి గిన్నెలో నీళ్ళు ఏర్పాటయ్యాయి. శనివారం ఎంగిలి, మిగతా ఆరు రోజులు వెండి గిన్నె. రెండు మతాల మధ్య పెరగడం గురించి పెద్ద పెద్ద పుస్తకాలు రాస్తారు గాని, నాకు ఏనాడూ అంత ఇబ్బంది కాలేదు.

ఆర్నెల్లయ్యాక సెన్సే తన రెండో కోటోను ఇంటికి తీసుకెళ్ళమన్నారు. అది ఆవిడ గురువుది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా ప్రభుత్వం ఇక్కడి జపాన్‌వాళ్ళందర్నీ పట్టుకెళ్ళి ఎడారిలో రేకుల షెడ్లలో పెట్టినప్పుడు, ఆ గురువు దీన్ని కూడా తీసుకెళ్ళి, ఇరవై దాటిన సెన్సేకు అక్కడే పాఠం చెప్పారట. పైన రంగూ పూతా ఏమీ ఉండవు. తేలికైన చెక్కను సెగతో కమిలించి, పొడిగా రుద్ది వదిలేస్తారు. "పొడిగుడ్డతో తుడువు. ఇంకేం చెయ్యొద్దు" అన్నారు. అంత వస్తువును కార్లో ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా ఐమూలగా పెట్టుకుని, తలలు వంచుకుని కూర్చుని తీసుకొచ్చాం. తలా ఒక వంట తెచ్చుకునే పొట్లక్‌లకు వచ్చిన అంకుల్స్ అది ఇస్త్రీ బల్ల అనుకునేవాళ్ళు.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. నేను హాల్లో వాయిస్తుంటే వంటింట్లోంచి అమ్మ గొంతు: "అంత మొండిగా కొట్టి వదిలేస్తావేంటే? స్వరాన్ని కాస్త ఊపు!" గుర్రానికి ఎడమవైపు తీగను నొక్కితే స్వరం పైకి లేస్తుంది. సెన్సే దాన్ని ఉప్పు వేసినట్టు, అవసరమైనచోట చిటికెడు వాడమనేవారు. మిగతా చోట్ల తీగ మోగి, సన్నబడి, ఆగిపోయేదాకా చెయ్యి పెట్టకూడదు, వినాలి. అమ్మకు అలా ఊరికే ఆగిపోయే స్వరం అంటే ప్రాణం పోతున్నట్టు ఉండేది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుని, తనే ఎడమచేత్తో తీగ నొక్కి, వదిలి, నొక్కి, కోటో చేత వీణ గమకం పలికించేది. అప్పుడు ఆమె మొహం చూడాలి. నాకది బాగుండేది, దాచడమెందుకు, సెన్సే చెప్పిన దానికంటే బాగుండేది. నా ఎడమచెయ్యి నాకు తెలియకుండానే ఊపడం నేర్చుకుంది. మూడు శనివారాలు విన్నాక సెన్సే నా వంక చూసి, "మీ ఇంట్లో ఇంకో టీచర్ ఉన్నారా?" అన్నారు. అమ్మ అక్కడే, గోడవార కూర్చుని ఉంది. "లేరు" అన్నాను. కోటో వెనక్కి తీసేసుకుంటారేమోనని నా భయం. పన్నెండేళ్ళ వయసులో నాకు సొంతమనిపించిన వస్తువు అదొక్కటే.

ఇంతలో దసరా వచ్చింది. మూలా నక్షత్రం రోజున పుస్తకాలూ వాయిద్యాలూ అమ్మవారి దగ్గర పెట్టడం, ఆ రోజు వాటిని ముట్టుకోకపోవడం మా ఇంటి ఆనవాయితీ. నేను స్కూలు నుంచి వచ్చేసరికి హాల్లో కోటో చాప మీద తూర్పుముఖంగా ఉంది. పక్కన నా లెక్కల పుస్తకం, నాన్న స్లైడ్‌రూల్, చామంతులు. కోటో తలవైపు జానెడు మేర చిక్కటి పసుపు పూసి ఉంది, దాని మీద తీగకొకటి చొప్పున పదమూడు కుంకుమ బొట్లు. "ఎలా ఉంది?" అంది అమ్మ, కొత్త పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినంత సంతోషంగా. "సెన్సే చంపేస్తారమ్మా" అన్నాను. "దేవుడి పసుపుకి ఎవరేమంటారే, పిచ్చిమొహమా" అంది. మర్నాడు ఉద్వాసన చెప్పి తుడిస్తే కుంకుమ పైపైన రాలింది, పసుపు రాలేదు. తడిగుడ్డ పెడితే ఇంకో జానెడు పాకింది. అమ్మ సబ్బునీళ్ళు తెచ్చింది. పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో తెలుగింటి ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ తొందరలో ఆమే మర్చిపోయింది. డ్రాగన్ తల రక్తం కారినట్టు ఎర్రబడింది. నేను ఏడుపు లంకించుకున్నాను. నిమ్మచెక్క పెట్టి రుద్దితే ఎరుపు పోయి మళ్ళీ పసుపే తేలింది, ఈసారి మచ్చలుమచ్చలుగా. అమ్మ నిమ్మచెక్క పక్కన పెట్టేసింది. తను తప్పు చేసిందని అమ్మ మొహంలో నేను చూడటం అదే మొదటిసారి, నాకు కోటో కంటే దానికే ఎక్కువ భయం వేసింది.

"నేనే చేశానని చెబుతాను" అన్నాను. "నోర్ముయ్. తప్పు నాది. నేనే చెప్తాను" అంది. శనివారం మంచి చీర కట్టుకుని, కోటో ఒక కొస తను పట్టుకుని, రెండో కొస నాన్న చేత పట్టించి మేడ ఎక్కించింది. సెన్సే గుడ్డ విప్పి చూశారు. ఆవిడ అరవలేదు. మోకాళ్ళమీద కూర్చుని పసుపు మీద అరచెయ్యి ఆనించారు. అమ్మ తన ఇంగ్లిష్‌లో చెప్పింది: మా దేవత సంగీతానికి తల్లి, ఏ వస్తువుతో విద్య వస్తుందో దానికి మేము దణ్ణం పెడతాం, అగౌరవం కాదు, కడగబోయి ఇంకా పాడుచేశాను, క్షమించండి.

"ఆవిడ మాకూ ఉంది. మా గుళ్ళల్లోనూ వాయిద్యం పట్టుకుని కూర్చుంటుంది. కానీ ఆవిడ మీద ఎవరూ కూర పొయ్యరు" అన్నారు సెన్సే. నాన్న దగ్గు నటించాడు. తర్వాత ఆవిడ అమ్మ చేతుల వంక చూస్తూ అడిగారు. "పాఠం జరుగుతున్నంతసేపూ మీ వేళ్ళు ఒళ్ళో కదులుతుంటాయి. మీరేం వాయిస్తారు?"

"వీణ."

"దానికి ఈ పసుపు పెట్టారా?"

అమ్మ కంటే ముందు నేను చెప్పేశాను. "అది పాడైపోయింది. అల్మారాలో ఉంది."

"అయితే పండగ రోజున మీది చీకట్లో పెట్టి, నాదానికి దణ్ణం పెట్టారన్నమాట" అన్నారు సెన్సే. "ఒక వాయిద్యం మీద ఇద్దరు కూర్చుంటే ఇద్దరికీ ఏదీ రాదు. ఈ కోటో ఇక్కడే ఉంటుంది. మీది మోగిన రోజున ఈ పిల్ల దీన్ని ఇంటికి తీసుకెళ్ళొచ్చు."

తిరుగు ప్రయాణంలో కారు ఖాళీగా ఉండి, మెడలు వంచుకోనక్కర్లేకుండా కూర్చున్నాం. "నా వీణ సంగతి ఆవిడకెందుకు? అసలు ఆవిడెవరు?" అని అమ్మ ఊరు దాటేదాకా అంటూనే ఉంది. నాన్న ఒక్కమాటే అన్నాడు: "అడగాల్సింది నేను. రెండేళ్ళ నుంచీ అడగలేదు." ఆ తర్వాత మూడు వారాలు హాల్లో కోటో చోటు ఖాళీగా ఉండిపోయింది. నేను డైనింగ్ టేబుల్ అంచు మీద వేళ్ళు ఆడించుకుంటూ కొరొరిన్ అనుకునేదాన్ని. వంటింట్లోంచి ఊపమనే గొంతు రాలేదు, ఊపడానికి ఏమీ లేదు కదా. నాలుగో వారం స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మ గరాజ్‌లో, నాన్న బార్బెక్యూ బొగ్గుల్ని రోట్లో వేసి పొడి కొడుతోంది. పక్కన అరడజను తేనెమైనం కొవ్వొత్తులు. చిన్నప్పుడు నూజివీడు మనిషి మైనంలో బొగ్గుపొడి కలిపి మెట్లు కట్టడం పదిసార్లు చూసిందట. "చూసినంత మాత్రాన వస్తుందా అమ్మా?" అన్నాను. "రాకపోతే రాదు. ఆవిడ ముందే కడతాను, ఆవిడ ముందే రాకపోతే రాదు" అంది.

ఇప్పుడు నా దగ్గర తొమ్మిదిమంది పిల్లలు నేర్చుకుంటున్నారు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని రెండు నిమిషాల్లో పదమూడు తీగలూ శ్రుతి చేసేస్తారు, వీడియో గేముల పాటలు వాయిస్తారు, పాతిక తీగల కోటో కావాలంటారు. ఆ వయసులో నాకంటే బాగా వాయిస్తున్నారు, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. వాళ్ళ అమ్మానాన్నలు మర్యాదస్తులు, పిల్లల్ని దింపి, గంటయ్యాక వచ్చి, థాంక్యూ ఆంటీ అనిపించి తీసుకెళతారు. ఏ ఇంట్లోనూ, ఏ వంటింట్లోంచీ, అలా కాదు ఇలా అని ఎవరూ అరవడం లేదు. అది వాళ్ళ అదృష్టమే కావచ్చు. నేను మాత్రం ఆ అరుపుల్లో పెరిగాను, దాన్ని ఎవరితోనూ మార్చుకోను.

అమ్మ బొగ్గు దంచిన ఆ వారం, ఆదివారంనాడు సెన్సే వంటింటి నేలమీద పేపర్లు పరిచాం. పొయ్యి మీద మైనం కరిగి, ఇల్లంతా తేనె, బొగ్గు, ముల్లంగి కలిసిన వాసన. అమ్మ కొంగు ఈసారి నడుముకు బిగించి ఉంది, ముక్కు జోలికి పోలేదు. వీణకు మిగిలిన పాత మెట్లు కూడా పీకేసి, తీగలు కట్టి, రెండువైపులా వేడి మైనం గట్టులా పోసి, దాని మీద ఒక్కో ఇత్తడి మెట్టూ పెడుతోంది. మైనం గట్టిపడేలోపు మెట్టును సరిగ్గా స్వరం పలికేచోటికి జరపాలి. రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి స్వరం ఎవరో ఒకరు అందించాలి. ఆ పని నాది. పసుపు మరకల కోటో ముందు కూర్చుని, గుర్రాన్ని జరిపి స్వరం కూర్చి, అమ్మ అడిగినప్పుడల్లా మీటుతున్నాను. సెన్సే గడప దగ్గర టీ కప్పుతో నిలబడి చూస్తున్నారు. మొదటి రెండు మెట్లు తప్పాయి, పీకి మళ్ళీ పెట్టింది. మూడోది కుదిరింది. నాలుగోది అంతరగాంధారం. నేను మీటాను, అలవాటు కొద్దీ నా ఎడమచెయ్యి తీగ మీదికెళ్ళి చిన్నగా నొక్కి వదిలింది. అమ్మ చేతిలో మెట్టు కదిలిపోయింది.

"ఊపకే!" అని అరిచింది అమ్మ. "ఎక్కడుందో తెలియనివ్వవేం? చెయ్యి తీసెయ్. దాన్ని అలా ఉండనీ!"

నేను చెయ్యి తీసేశాను. తీగ మోగింది, సన్నబడింది, ఆగిపోయేదాకా ముగ్గురం విన్నాం. మెట్టు దాని చోట కూర్చుంది.

"మీ అమ్మ ఏమంటోంది?" అన్నారు సెన్సే.

"ఊపొద్దంటోంది" అన్నాను.

సెన్సే కప్పు కింద పెట్టారు. "ఇంకోసారి చెప్పమను."

అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మ నా వంక చూసింది, సెన్సే వంక చూసింది, తను ఏమన్నదో అప్పుడు తట్టింది ఆమెకు. నవ్వు ఆపుకుందామని చూసింది, కుదరలేదు. మైనం అంటిన చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వి, "డోంట్ షేక్, మేడమ్" అంది. "ఐ యామ్ టెల్లింగ్ హర్, డోంట్ షేక్." సెన్సే తలుపు వెనకనుంచి కోటోకు చుట్టే గుడ్డ తెచ్చి నా పక్కన పెట్టారు. మిగిలిన ఇరవై మెట్లూ కట్టి, వీణ మోగేసరికి చీకటి పడింది. కోటో ఆ రోజు మాతో ఇంటికి వచ్చింది. వీణ కూడా అదే కార్లో ఉండటంతో ఈసారి మెడలతో పాటు నడుములు కూడా వంచుకోవాల్సి వచ్చింది.